మైలుకు అంగుళం పటంలో దాపటెద్దు

నాకు ఒక్క విషయంలో పొగరు. దాన్ని దాచుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు. మ్యాపు చూడటం నాకు వచ్చినంత బాగా మా కడప జిల్లాలో ఇంకో సోషల్ టీచరుకు రాదని నా నమ్మకం. ముద్దనూరు పక్కన రైలుకట్టను ఆనుకొని ఉన్న ఒక ఊరి హైస్కూల్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. పొద్దున ప్రొద్దుటూరులో బస్సెక్కి పోయేదాన్ని, సాయంత్రం బస్సులో దుమ్ము కొట్టుకొని వచ్చేదాన్ని. పటాన్ని గోడకు తగిలించి బెత్తంతో చూపించే టీచర్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. గోడ మీద ఉత్తరం ఆకాశంలో ఉంటుంది. నేల మీద పరిస్తే ఉత్తరం జమ్మలమడుగు వైపు ఉంటుంది. నా క్లాసులో పిల్లలు బెంచీలు వెనక్కి నెట్టి, పటాన్ని బండల మీద పరిచి, దాని చుట్టూ గొంతుక్కూర్చొని పాఠం వినేవాళ్లు.

ఆ పటం సంగతి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో స్కూలు బీరువాకు చెదలు పట్టిందని ఖాళీ చేస్తుంటే అట్టడుగున దొరికింది. వెనక గుడ్డ అతికించి, మడతలు పెట్టిన సర్వే పటం. మైలుకు అంగుళం లెక్కన గీసింది. "చెదలు తినేదానికంటే నువ్వు తీసకపోమ్మా," అన్నారు హెడ్మాస్టరు. మడతల దగ్గర చిరుగులు పడితే నా పాత వాయిల్ చీర చింపి మైదా పిండితో వెనక అతికించాను. రిటైరైన రోజు స్కూలు వాళ్లు కప్పిన శాలువా ఎక్కడుందో నాకు తెలియదు గానీ ఆ పటం మాత్రం నా మంచం కింద ట్రంకుపెట్టెలో ఉంది.

ఇప్పటి ఊళ్లతో పోల్చి చూస్తే అందులో లేనివి చాలా ఉన్నాయి. థర్మల్ పొగగొట్టాలు లేచిన చోట ఉత్త పసుపు రంగు ఉంది. ప్రొద్దుటూరు మీదుగా పోయే రైలు లేదు. మద్రాసు, బొంబాయి మధ్య నడిచే పాత లైను ఒక్కటే నల్లగా, లావుగా, ముద్దనూరును తాకుతూ పోతుంది. ఇంకో సంగతి, మా వంకలన్నీ దాంట్లో నల్లగీతలే. ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్లుండని ఏరును పటంలో నల్లగా గీస్తారు. "మేడం, మన వంకలో నీళ్లు నల్లగ ఉంటాయా?" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒక పిల్ల అడిగేది. నేను వాళ్ల చేత ఆ నల్లగీతల మధ్య ఉన్న పసుపు మీద వేలు పెట్టించేదాన్ని. పసుపు అంటే సాగుభూమి. నీళ్లు లేని వంకల మధ్య ఇంత పసుపు ఎట్లా వచ్చిందో చూడండి, అది మీ అబ్బల, అవ్వల చేతిపని అని చెప్పేదాన్ని.

రిటైరైన రెండేళ్లకు ఒక ఉదయం నా పాత విద్యార్థి ప్రొద్దుటూరులో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. కువైట్‌లో పదేళ్లు లారీ తోలి వచ్చి, సొంత ఊళ్లో రైలుకట్ట అవతల చీనీ (బత్తాయి) తోట పెట్టినవాడు. చదువుకునే రోజుల్లో పటం చుట్టూ కూర్చునే గుంపులో ఎప్పుడూ దక్షిణం వైపు కూర్చునేవాడు. కాఫీ గ్లాసు చేతికిచ్చినా తాగకుండా అట్లే పట్టుకున్నాడు.

"మేడం, మా దావ పోయింది. రెండో లైను పడినాంక కట్ట పొడుగునా కంచె ఏసినారు. ఊరి బూమిలో సగం కట్టకు అవతలనే ఉండాది. ముద్దనూరు గేటు కాడికి పోయి తిరిగి రావాల. ట్రాక్టరున్నోడు పోతాండాడు, లేనోడు చేను బీడు పెడతాండాడు. నా కాయ పులివెందుల మండీకి పోవాలంటే తోట కాడికి లారీ రావాల గదా."

"కట్ట కింద దారి ఇవ్వమని అడగలేదా?"

"మూడుసార్లు అర్జీ పెట్టినాం. మీరు చెప్పే కాడ పాత దావ ఉన్నట్టు మా రికార్డులో ల్యా, ఉన్నట్టు పాత కాయితం ఏదన్నా ఉంటే తీసకరాండి, కింద నుంచి దావ ఇస్తాం అంటాండారు. జమ్మలమడుగు తిరిగినాం, కడప తిరిగినాం. నిన్న బస్సులో కూసున్న్యాంక మీ పటం గ్యాపకం వచ్చింది."

చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టుంది వీళ్ల పని అనుకున్నాను. గబగబా ట్రంకుపెట్టె లాగాను. నా పటం ఒక ఊరికి అక్కరకొస్తుందన్న సంబరం.

మరుసటి రోజు ఆ ఊళ్లో, నా విద్యార్థి ఇంటి ముందు గదిలో, నాపబండల మీద పటం పరిచాను. పదిహేను మంది దాకా రైతులు చుట్టూ చేరారు. వాకిలి పక్కన గోడకు ఆనుకొని ఒక అవ్వ కూర్చుంది. ఎనభై దాటి ఉంటాయి. కట్ట అవతల ఆమెకు రెండెకరాల శనగచేను ఉందనీ, దారి మూసినప్పటినుంచీ ఆ చేను చూడలేదనీ ఎవరో చెప్పారు. నేను మొదట ఉత్తరం సరిచేశాను. తర్వాత రైలు లైను మీద వంక దాటే వంతెన గుర్తు పట్టుకున్నాను. దాని పక్కనే, తెగతెగ గీసిన రెండు ఎర్రగీతలు కట్టను దాటుతున్నాయి. బండ్లబాట గుర్తు అది. "ఉంది," అన్నాను. గదిలో అందరూ ఒక్కసారి కదిలారు.

అప్పుడు నాకు అలవాటైన పని చేశాను. దారం తీసి వంతెన నుంచి బాట దాకా పెట్టి, స్కేలు మీద కొలిచాను. పావు అంగుళం. అంటే పావు మైలు, రెండు ఫర్లాంగులు. "మీరు అర్జీలో రాసిన చోటు వంతెనకు ఎంత దూరం?" అని అడిగాను. నా విద్యార్థి ఫోన్లో చూశాడు. మూడు ఫర్లాంగులు. మళ్లీ కొలిచాను. మళ్లీ అదే. కంచె వేసేదాకా వీళ్లు నడిచిన దారి ఒక చోట, పటంలో దారి ఒక ఫర్లాంగు ఇవతల. ఈ పటం తీసుకుపోయి చూపిస్తే, మీరు చెప్పే చోట దారి లేదన్న వాళ్ల మాటే నిజమవుతుంది.

నా విద్యార్థి నా పక్కన కూర్చొని, గొంతు తగ్గించి అన్నాడు. "మేడం, గీత నూలుపోగంత జరిపితే సాలు గదా. ఎర్ర పెన్ను నా కాడ ఉండాది. ఎవురికి తెలుస్తాది?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ముప్పై ఏళ్లు మిమ్మల్ని నేల మీద కూర్చోబెట్టి నేర్పింది ఇందుకేనా? ఆ పెన్ను జేబులోంచి తీస్తే పటం మడిచి ఇప్పుడే బస్సెక్కుతా," అన్నాను. పెద్ద మీసాలున్న మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, ఏడో తరగతిలో లాగా తల దించుకున్నాడు. వాడి మీద జాలేసింది. అయినా నా మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ గొడవలో అవ్వ ఎప్పుడు లేచి వచ్చిందో చూడలేదు. పటం అంచున చతికిలబడి, వేలితో నల్లగీత వెంట పోతోంది. నెమ్మదిగా, ఒక్క మెలిక కూడా వదలకుండా. "ఇది మా వంక గదమ్మా. ఈడ రాతిగుండు కాడ తిరుగుతాది. ఈడ మళ్లా సన్నమైతాది. ఈ పక్క మా చేను," అంది. నేను చూశాను. సరిగ్గా చెప్పింది. పదో తరగతి పిల్లలకు ఆ మెలికలు గుర్తుపట్టడం నేర్పడానికి నాకు రెండు వారాలు పట్టేది.

"చదువుకున్నావా అవ్వా?"

"సదువేంటికి మ్మా? ఎనబై ఏండ్లు నడిచినా దీంట్ల." వేలు ఎర్రగీతల దగ్గరికి వచ్చి ఆగింది. "పటం అబద్దం చెప్పల్యా. దావ ఈడనే ఉండె. మేమే జరుపుకున్యాం."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అని అడిగాను.

"ఎవురడిగినారు నన్ను? అర్జీ రాసేటప్పుడు ఆడోళ్లను పిలుస్తారా మీరు?" అంది రైతుల వైపు తిరిగి.

పదిహేను మంది మగవాళ్లు బండల వైపు చూశారు. నాకు లోపల నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. ఆమె చెప్పడం మొదలుపెట్టింది.

ఆమెకు ఏడెనిమిదేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం వాళ్ల నాయన జొన్నచొప్ప వేసుకొని బండి తోలుకొస్తున్నాడు. ఆమె చొప్ప మీద కూర్చొని ఉంది. కట్ట మీద చక్రం రైలు పట్టాకూ మన్నుకూ మధ్య ఇరుక్కుంది. ఎద్దులు గుంజాయి, రాలేదు. అంతలో ముద్దనూరు వైపు నుంచి గూడ్సు కూత వినబడింది. కాడికి కుడిపక్క కట్టిన వలపటెద్దు పలుపు వాళ్ల నాయన కోసేశాడు. అది పక్కకు దూకింది. ఎడమపక్క దాపటెద్దు పలుపు మీద చెయ్యి వేసినప్పుడు, బండి మీద నుంచి ఈమె ఏడుపు వినబడింది.

"ఎద్దును ఇడిపిచ్చేదానికన్నా, నన్ను దించేదానికన్నా, ఒకదానికే టైముండె. మా నాయన నన్ను ఎత్తుకొని దూకినాడు. దాపటెద్దు పాయ." ఆమె అక్కడ ఆగి కొంగుతో మూతి తుడుచుకుంది. "దాన్ని కట్ట దిగినాంక దావలోనే పూడ్సినారు. పసుపు, కుంకం, కొత్త గుడ్డ ఏసినారు. నా కూతుర్ని ఇచ్చి పోయింది, దాని మీద చక్రం నడపను అన్యాడు మా నాయన. మా బండి ఒకటే అట్ల పక్కకు తిప్పినాడు. ఊర్లోవాళ్లకు చెప్పల్యా, అడగల్యా. మర్సటి రోజు పొద్దున సూస్తే ఊరి బండ్లన్నీ ఆ పక్కనే పోతాండాయి."

కట్ట పోసేటప్పుడు మన్ను తవ్విన గుంతలు ఆ పొడుగునా ఉన్నాయి. బండి ఎక్కడానికి వీలైన చోటు మళ్లీ ఒక ఫర్లాంగు దూరంలోనే ఉంది. ఊరు ఊరంతా ఆ ఫర్లాంగు నడిచింది. పంచాయితీ పెట్టలేదు, తీర్మానం చేయలేదు. ఒక ఎద్దు మీద చక్రం పోకూడదని అన్ని బండ్లూ ఏళ్లకేళ్లు చుట్టు తిరిగాయి. తర్వాత బండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాయి, ఎందుకు తిరుగుతున్నామో తెలిసినవాళ్లు ఒక్కొక్కరే పోయారు, చుట్టుదారి మాత్రం మిగిలింది. దాన్నే తాతలనాటి దారి అని వీళ్లు మూడు అర్జీల్లో రాశారు. ఇట్లాంటి తప్పు ఈ ఊరే చేయగలదు. అది విన్నాక నాకు ఈ ఊరి పిల్లలకు పాఠం చెప్పినందుకు ఎంత గర్వం కలిగిందో చెప్పలేను.

గర్వంతో పాటు సిగ్గు కూడా వేసింది. ఊరవతల పంటచేలు చూపించడానికి పిల్లలను ఏటా ఆ దారినే తీసుకుపోయేదాన్ని. పటం నా సంచిలోనే ఉండేది. నడిచే దారి పటంలో ఎక్కడుందో ఒక్కసారీ కొలవలేదు. పటం తెలిసినదాన్ని కదా, ఊరు కూడా తెలుసనుకున్నాను.

ఆ సాయంత్రమే అందరం వెళ్లాం. వంతెన నుంచి కట్ట వెంబడి రెండు ఫర్లాంగులు కొలుచుకుంటూ పోతే కంపచెట్లు అడ్డమొచ్చాయి. కొడవళ్లతో కొట్టారు. కట్ట దిగువన, మూరెడు ఎత్తున, పాతిపెట్టిన రెండు పాత రైలు పట్టా ముక్కలు బయటపడ్డాయి. ఒకప్పటి గేటు కంబాలు. నా విద్యార్థి వాటిని పట్టుకొని ఊపి చూశాడు. కదలలేదు. అక్కడికి నాలుగడుగుల దూరంలో, కంపకు ఇవతల ఊరి వైపున, నిలువుగా పాతిన నాపరాయి ఉంది, దాని మీద పసుపు పూసిన గుర్తులు. ఆ రాయి మాకందరికీ తెలిసిందే. ఏరువాక పున్నమికి ఎవరో పసుపు పూస్తారు, పెద్దమ్మ రాయి అనేవాళ్లు. మా పిల్లల చేత నేను కూడా దండం పెట్టించాను. ఆ ఎవరో ఈ అవ్వేనని అప్పుడు తెలిసింది.

నాలుగో అర్జీ నేను రాశాను. ఇన్నాళ్లూ మేము చెప్పిన చోటు తప్పు, అసలు దారి ఇక్కడ ఉండేది, ఈ కారణంగా జరుపుకున్నాం, ఇదిగో పటం, ఇవిగో కంబాలు అని ఉన్నదున్నట్టు రాశాను. "మన తప్పు మనమే రాసిస్తే కొట్టేస్తారు మేడం," అన్నారు కొందరు. నిజం నిలకడ మీద తెలుస్తుందప్పా, ముందు సంతకాలు పెట్టండి అన్నాను. మొదటి వేలిముద్ర అవ్వ చేత వేయించాను.

కొన్ని నెలలకు రైల్వే ఇంజనీరు ఒకాయన స్వయంగా వచ్చాడు. తొందరపడే మనిషి కాదు. కంబాలు చూశాడు, పటం మీద వంగి చాలాసేపు చూశాడు. ఈ చోటు పట్టుకొని పాత రిజిస్టర్లు వెతికిస్తే, వాడకం లేదని మూసేసిన దారి ఒకటి దొరికిందని చెప్పాడు. "ఇక్కడైతే కింద నుంచి దారి ఇవ్వగలం," అని ఆగి, రాయి వైపు చూపించాడు. "కానీ దారి పల్లంలోకి దిగాలి. రాయి ఉన్న చోటే తవ్వాలి."

అందరి కళ్లూ అవ్వ మీదికి పోయాయి. ఆమె వద్దంటే ఒక్కరు కూడా గడ్డపార పట్టరు. ఆ సంగతి ఇంజనీరుకు తెలియదు, మాకు తెలుసు. సగం ఊరి భూమి ఒక ముసలావిడ నోటి మాట మీద ఆగిపోయింది. నా విద్యార్థి చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాడు. ఆమెను ఒక్క మాట కూడా బతిమాలలేదు. వాడి మీద నాకు మిగిలి ఉన్న కోపం అప్పుడు పోయింది.

అవ్వ రాయి దగ్గరికి పోయి కూర్చుంది. అరచేత్తో దాని మీద దుమ్ము తుడిచింది.

"మా నాయన చక్రం నడపను అన్యాడు గాని, ఆడనే ఉండనీమని అన్ల్యా," అంది చివరికి. "నా చేన్లోకి తీసకపోతా. అది దున్నిన చేనే గదా. మీరు తవ్వండి నాయనా. ముందర నేను గంపెడు మన్ను తీస్తా."

తీసింది కూడా. ఆమె తర్వాత మిగతావాళ్లు చేతులతో, చిన్న పారలతో తవ్వారు, మిషను పెట్టనివ్వలేదు. కొన్ని ఎముకలు దొరికాయి. కొమ్ముకు తొడిగిన ఇత్తడి కుప్పె ఒకటి దొరికింది, పచ్చగా చిలుము పట్టి. అవ్వ దాన్ని చీర చెంగుతో తుడిచి తుడిచి, ముఖానికి ఆనించుకొని, ఏడేళ్ల పిల్లలాగా ఏడ్చింది. ఇంజనీరు టోపీ తీసి పక్కకు తిరిగాడు. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

దారి పూర్తి కావడానికి రెండేళ్లు పట్టింది. తెరిచిన రోజు ఊరివాళ్లు మొదట ఎడ్లబండి పోవాలన్నారు. ఊళ్లో ఎద్దులు ఎక్కడున్నాయి? అవ్వే మొదట నడిచింది. పైన గూడ్సు పోతుంటే కట్ట కింద గోడ పట్టుకొని నిలబడి, అది మొత్తం పోయేదాకా విని, తర్వాత అవతలికి నడిచింది. ఆమె వెనక నా విద్యార్థి చీనీకాయల లారీ, దాని వెనక ట్రాక్టర్లు. ముద్దనూరు గేటు మీదుగా ముందే తెచ్చి, ఎముకలు పూడ్చి పాతిన రాయి చేను గట్టు మీద ఉంది. దానికి పసుపు పూసి, "మన దావ మనకొచ్చింది," అని దానికి చెప్పింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ గట్టు మీదే పటం పరిచాను. అవ్వ చాలాసేపు చూసింది.

"బావులున్నాయి, గుళ్లున్నాయి అంటివి. మా ఎద్దు ల్యాదా మ్మా దీంట్ల?"

లేదని చెప్పబోయి ఆగాను. పటం అడుగున గుర్తుల పట్టిక ఉంటుంది, బావికి ఇది, గుడికి ఇది అని. అందులో చివరి వరస కింద పెన్సిలుతో నిలువు రాయి బొమ్మ గీసి, పక్కన తెలుగులో 'ఎద్దు రాయి' అని రాశాను. నా విద్యార్థి నా వైపు చూశాడు. ఏమనుకుంటున్నాడో నాకు తెలుసు. "అబద్ధం గీయమంటే గీయనన్నాను గానీ, నిజం గీయనన్నానా? నమ్మనివాళ్లు వచ్చి రాయిని చూసుకుంటారు," అన్నాను.

పెన్సిలు అవ్వ చేతికిచ్చాను. జీవితంలో మొదటిసారి పెన్సిలు పట్టుకుందట. నేను చోటు చూపించలేదు. వేలితో వంక వెంబడి వచ్చి, రాతిగుండు మెలిక దాటి, కట్ట అవతల పసుపులో ఒక చుక్క పెట్టింది.

అలవాటు పోదు కదా, దారం తీసి వంతెన నుంచి ఆ చుక్క దాకా కొలిచాను. నా విద్యార్థి ఫోన్లో చూసి వంతెన నుంచి రాయికి ఎంత దూరమో చెప్పాడు. చుక్క సరిగ్గా రాయి ఉన్న చోటే ఉంది.